అన్నని చూసి నేర్చుకున్నాడట

మంగళవారం

మా బళ్లో చదివే అప్పన్న చక్రాల కుర్చీకి సరిపడేలా బల్ల ఎత్తు ఇవాళ్టికి కుదిరింది. హెడ్‌మాస్టారిని ఎన్నిసార్లు అడిగానో! అది చూడ్డానికి వాళ్లమ్మ నూకమ్మ ఆమదాలవలసలో చేపలమ్ముకుని, చిన్నోణ్ని చంకనేసుకుని వచ్చింది. వాడికి నాలుగేళ్లు.

మధ్యాహ్న భోజనం వరుసలో వాడూ నేల మీద కూర్చుని గుడ్డు తిన్నాడు. లేవబోతూ ముందు బోర్లా తిరిగాడు. చేతులు నేలకు ఆనించాడు, తర్వాత మోకాళ్ల మీద, ఆ తర్వాత తొడల మీద పెట్టుకుంటూ తన ఒంటిని తానే ఎక్కుతున్నట్టు లేచాడు. బల్ల కాళ్లు బిగించిన స్క్రూడ్రైవర్ ఇంకా నా చేతిలోనే ఉంది. కండరాల జబ్బు మొదలైనప్పుడు అప్పన్న అచ్చం ఇలాగే లేచేవాడు.

నూకమ్మ మురిసిపోయింది. "సూడండి మేడమ్, అన్నలాగే లెగుస్తన్నాడు. ఆడ్ని సూసే నేర్సుకున్నాడు!"

నేనూ నవ్వేశాను. ఏం మనిషిని నేను! ఆసుపత్రికి తీసుకెళ్లమని అప్పుడే చెప్పాల్సింది. రేపు చెప్పాలి. ఎలా మొదలుపెట్టను?

అప్పన్న నేల మీంచి లేవడం మానేసి మూడేళ్లు దాటింది. అప్పటికి వీడు ఉయ్యాల్లో ఉన్నాడు.