రొదతో సహా ఏడు భాగాలు

ముందుగా ఒక సవరణ. మొన్న గురువారం భోజనాల దగ్గర నా కొడుకు, "అమ్మకి చెవి పోయింది పాపం. రికార్డంతా శ్రుతి తప్పింది. ఉన్నంతలో బాగుచేసి కంపెనీకి పంపేశాను" అన్నాడు. పక్కగదిలో మందులు సర్దుకుంటూ విన్నాను. వినబడింది కనుక చెవి పోలేదని మనవి. శ్రుతి నేను తప్పలేదు. శ్రుతిని వాడు తుడిచేశాడు. ఎలాగో రెండో అంశంలో రాస్తున్నాను.

ఇక పద్ధతి ప్రకారం. డెబ్బై ఎనిమిదేళ్ల నేను, కళాశాలలో ముప్ఫై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పి, అంతకంటే ఎక్కువ ఏళ్లు ఒళ్లో స్టీల్ గిటార్ పెట్టుకుని కూర్చున్నదాన్ని, రేపు ఆదివారం గుండె ఆపరేషనుకు ఆసుపత్రిలో చేరబోతూ, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, ఎవరు వద్దన్నా వినకుండా, నా సొత్తు గురించి ఈ వీలునామా స్వహస్తంతో రాస్తున్నాను. ఇల్లూ పొలమూ లేవు. ఉన్నదంతా శబ్దమూ, శబ్దం చేసే డబ్బాలూ. రాత కుదురుగా లేకపోతే మన్నించాలి; మొదలుపెట్టాక నాలుగుసార్లు లేచి తిరిగొచ్చాను.

కవరు అంటించడం లేదు. నేను పోయేదాకా ఆగి చదవనక్కర్లేదు. అసలు సోమవారం లోపల చదవకపోతే దీనితో ఉపయోగమే లేదు. సోమవారం పదకొండింటికి రికార్డు కంపెనీవాళ్లు నా ఏడు భాగాల గిటార్ రికార్డు అచ్చువేయడం మొదలుపెడతారు. వాళ్ల దగ్గర ఇప్పుడున్నది నా కొడుకు శుభ్రం చేసిన ప్రతి.

1. ఈ వీలునామాను అమలు జరిపే పూచీ నా కోడలిది. నా కొడుకు నొచ్చుకుంటాడు. నొచ్చుకోనీ. ఆమె లిఫ్టులు తనిఖీ చేసే ఇంజినీరు. ఇంట్లో అడుగుపెట్టిన కొత్తలో, "ఎక్కించి దించడం తప్ప ఇంకేం వచ్చమ్మా నీకు?" అన్నాను. "ఇరుక్కున్నవాళ్లని బయటికి తియ్యడం కూడా వచ్చు అత్తయ్యా" అంది. ఆ జవాబును పదహారేళ్లుగా లోపల మెచ్చుకుంటూ, పైకి మూతి తిప్పుతూ వచ్చాను. ఇప్పుడు రాతపూర్వకంగా ఒప్పుకుంటున్నాను.

2. ఏడు భాగాల అసలు టేపులు, వాటి మీద సర్వహక్కులు, టేపు తిరిగే ప్రతిధ్వని యంత్రం కోడలికే చెందుతాయి. ఈ హక్కు నా తదనంతరం కాదు, ఈ రోజునుంచే. అందుకు వేరే అధికారపత్రం రాసి దీనికి పిన్ను గుచ్చాను. కారణం రాయకపోతే రేపు పేచీ వస్తుందని వకీలు అన్నాడు. రాస్తే నవ్వుతారనీ అన్నాడు. నవ్వినా సరే.

ఏడు భాగాలూ మా వంటగదిలో వాయించినవి. ఒళ్లో పెట్టుకునే స్టీల్ గిటార్‌కి వేలు ఆనడానికి మెట్లుండవు. ఎడమచేతిలోని ఉక్కు కడ్డీ తీగె మీద ఎక్కడ ఆగితే అక్కడే స్వరం. కాబట్టి ఆగడానికి ఒక ఆనవాలు కావాలి. నా ఆనవాలు మా ఫ్రిజ్. దాని రొద హార్మోనియం మీద రెండు మెట్ల మధ్య సందులో పడుతుంది. హార్మోనియానికి అందని చోటు నా కడ్డీకి అందింది. తీగెలన్నీ దానికే బిగించాను. ఆధార శ్రుతి నేను వాయించలేదు, ఫ్రిజ్ వాయించింది. అది ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడు నా స్వరం కాళ్లకింద నేల పోయినట్టు జారుతుంది. మళ్లీ మొదలైతే వెతుక్కుంటూ వచ్చి దాని మీద వాలుతుంది. స్వరాన్ని బొంగురు చేసే గరగర డబ్బా, కాలితో తొక్కే పెడలు, ప్రతిధ్వని, అన్నీ ఆ జారడానికీ ఆ వాలడానికీ చేసిన అలంకారాలే.

నా కొడుకు చెవి మిషన్లు అమర్చే పనిలో ఉన్నాడు. రొద తీసి మాట వినిపించడం వాడి వృత్తి. పగలంతా ఊళ్లోవాళ్లకి ఆ మేలు చేసి, ఇంటికొచ్చి నాకూ చేశాడు. ఫ్రిజ్ రొదను నలకలా ఏరేశాడు. ఎవరో ముసలామె శూన్యంలో తడుముకుంటూ జారిపోతున్నట్టు మిగిలింది. అది విని అమ్మకి చెవి పోయిందన్నాడు. నేల తవ్వేసి, చూడండి ఈవిడకి నిలబడటం రావడం లేదు అన్నట్టుంది.

ఆ ప్రతిని కోడలు నిన్న కూరలు తరుగుతూ ఒక్కసారి విన్నది. కత్తి ఆపి, "అదేంటి, ఇందులో మన ఫ్రిజ్ లేదే?" అంది. ఇన్నేళ్లలో సంగీతం తెలిసినవాళ్లెవరూ అడగని ప్రశ్న. మోటారు గదుల్లో నిలబడి చెవితో జబ్బు కనిపెట్టే మనిషి అడిగింది. టేపులు ఆమెకివ్వడానికి అదే కారణం. ఇంతకంటే పెద్ద కారణం కోర్టుకు కావాలంటే కోర్టువారే వచ్చి మా వంటగదిలో కూర్చోవచ్చు.

ఇంకొకటి, ఇది నీకేరా అబ్బాయ్. మూడో భాగం. దానికి నాకు చాలా పొడుగు టేపు చుట్టు కావాల్సొచ్చింది. టేపు యంత్రంలోంచి బయలుదేరి, వంటగది దాటి, గుమ్మం దాకా పోయి తిరిగి రావాలి. గుమ్మంలో మీ నాన్న పెన్సిలు నిలువుగా పట్టుకుని నిలబడ్డారు, దాని చుట్టూ టేపు తిరగడానికి. ప్రూఫులు దిద్దే మనిషి కదా, పెన్సిలు పట్టడంలో ఆయన తర్వాతే ఎవరైనా. "కదిలారో, చంపుతాను" అన్నాను. "కదలకపోయినా పోయేట్టున్నాను, కాళ్లు పీకుతున్నాయి" అన్నారు. ముప్ఫై ఒకటో నిమిషంలో తుమ్మారు. ఆ తుమ్ము టేపు మీదికెక్కి, గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చి, తొమ్మిది సెకన్లకోసారి, ప్రతిసారీ కొంచెం మసకబారుతూ, చివరిదాకా వినబడుతుంది. నువ్వు దాన్ని దోషమనుకుని ముప్ఫై ఆరు చోట్ల ఎంతో ఓపిగ్గా తీసేశావు. లెక్కపెట్టాను. ఆయన పోయి తొమ్మిదేళ్లు. ఆయన చేసిన చప్పుడు మన దగ్గర ఇంకెక్కడా లేదురా. నీకు తెలియదు. తెలియదని నాకూ తెలుసు. అందుకే తిట్టడం లేదు, చెబుతున్నాను.

(ఇక్కడ లేచి మంచినీళ్లు తాగి వచ్చాను. గ్లాసు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. వెతికి కడగండి.)

3. స్టీల్ గిటార్, దాని కడ్డీ, గరగర డబ్బా నా మనవరాలు పిచ్చుకకి. దానికి సంగీతమంటే బొత్తిగా ఇష్టం లేదు, ఆ నిజాయితీ నాకిష్టం. గిటార్ వాయించకపోయినా ఫర్వాలేదు, దాని మీద బట్టలు మాత్రం ఆరేయకూడదు. కడ్డీ దగ్గర పెట్టుకోవాలి. చిన్నప్పుడు జ్వరమొస్తే "బామ్మా, చల్లది పెట్టవా" అని నుదుటి మీద పెట్టించుకునేది. మందుకంటే ముందు అదే అడిగేది. పధ్నాలుగేళ్లొచ్చాయి గనుక ఇప్పుడు సిగ్గుపడుతుంది. పడనీ. ఇనుముకి సిగ్గులేదు.

4. కొట్టేశాను. పై వాటా పెద్దమనిషిని తిడుతూ రాశాను, చదువుకుంటే నాకే చిన్నతనమనిపించింది.

5. పై వాటా పెద్దమనిషికి, నాలుగో అంశానికి బదులుగా: ఐదో భాగం రికార్డు చేస్తున్నంతసేపూ చేతికర్రతో నేల బాదినందుకు, రికార్డు అట్ట మీద "తాళవాద్య సహకారం" అని ఆయన్ని వేయించాలి. ఆయనకి కోపం వస్తే కర్రతో చెప్పమనండి, ఇంకో భాగం అవుతుంది.

6. పూర్వం సినిమా పాటలు కట్టిన సంగీత దర్శకుడు ఒకాయన ఉన్నాడు. పదకొండేళ్లు ఆయన దగ్గర వాయించాను. కథానాయిక మూర్ఛపోయినా, కలలోకి జారినా, కిటికీ అవతల వాన పడినా, నాకు కబురొచ్చేది. రికార్డుల మీద మాత్రం ఆయన పేరు, దాని కింద "మరియు బృందం". ఆ బృందంలో సగం నేను. అడిగితే, "అమ్మా, పేరు వేస్తే అందరూ మిమ్మల్నే పిలుస్తారు, నాకెవరు దొరుకుతారు?" అన్నాడు. పొగిడి నోరు మూయించడం ఆ రోజే నేర్చుకున్నాను. ఆయన నన్నడిగి అడిగి విసిగిపోయిన స్ప్రింగు డబ్బా, తన్నితే ఉరిమినట్టు మోగేది, ఆయనకిస్తున్నాను. ఇప్పుడు ఆయనకి చెవులు వినబడటం లేదట. నా కొడుకు స్వయంగా వెళ్లి మంచి చెవి మిషను అమర్చి, అప్పుడు డబ్బా తన్ని చూపించి రావాలి. వాడి విద్యకు సరైన చోటు అది.

7. నా కొడుక్కి. నువ్వు శుభ్రం చేసిన ప్రతిని పారేయమనడం లేదు. దాని మీద పదకొండు రాత్రులు కూర్చున్నావని కోడలు చెప్పింది. అది నీదే. ఒకే షరతు: మన వంటగదిలో, ఫ్రిజ్ పక్కన పీట వేసుకుని మాత్రమే వినాలి. రొద అక్కడ ఉచితంగా దొరుకుతుంది, నా స్వరం దిగి నిలబడుతుంది, నీకే తెలుస్తుంది. మూడో భాగం వచ్చినప్పుడు మాత్రం నువ్వే తుమ్ముకోవాలి. మీ నాన్న ముక్కే కదరా నీది.

పై ఏడు అంశాలూ, కొట్టేసినదానితో సహా, నా ఇష్టపూర్వకంగా రాసినవి. ఇంతకు ముందు కోపంలో మెడికల్ చీటీల వెనక రాసిన వీలునామాలు రెండున్నాయి, అవి రద్దు.

నవంబరు పద్నాలుగు, శనివారం, సాయంత్రం ఐదున్నర.

ఇట్లు,
వీలునామా కర్త (సంతకం. నా పెన్ను మొరాయిస్తే పిచ్చుక పెన్నుతో పెట్టాను.)

సాక్షులు:
మెట్లకింది టైలరు (సంతకం)
పక్క వాటా రిటైర్డ్ నర్సమ్మ (సంతకం. చదివి రెండుసార్లు నవ్వింది, ఒకసారి కళ్లు తుడుచుకుంది.)

సంతకం కింద రాసింది చెల్లదని వకీలు అన్నాడు. చెల్లకపోయినా చేసి పెట్టు అమ్మాయ్. బీరువా కింది అరలో, గుడ్డసంచిలో, అసలు టేపులున్న రేకు డబ్బా ఉంది. సోమవారం పొద్దున అది తీసుకెళ్లు. నీ పనిముట్ల సంచిలో అయస్కాంతం ఉంటుంది, ఆ సంచి ఇంట్లో వదిలేయ్. బస్సులో డబ్బా ఒళ్లో నిలువుగా పట్టుకో, ఇంజను పక్క సీటు వద్దు. కంపెనీ మూడో అంతస్తు. అక్కడి లిఫ్టు మూలిగినా ఆగి చూడకు, మెట్లెక్కు. పదిన్నరకల్లా అచ్చు చూసే పెద్దాయన చేతికే ఇచ్చి, అధికారపత్రం చూపించి, అబ్బాయి ప్రతి వెనక్కి తీసుకుని, ముట్టినట్టు సంతకం పెట్టించుకో. ఆయన ఒక్క నిమిషం విని, "మేడం, ఇందులో ఏదో రొద వస్తోందండీ" అంటాడు. "ఉండాలండీ" అను. అంతకు మించి ఏమీ చెప్పకుండా మెట్లు దిగిపో.