ఆసుపత్రి వెనక సందులో డెబ్బై ఒక్క చుక్కలు

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

మీ బావా, పాపా, నేనూ కులాసా. మరదలి మోకాలి నొప్పి తగ్గిందా? నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నా, పాప లెక్కల పరీక్ష ఎలాగో గట్టెక్కింది.

‘ఈ పటాల పిచ్చి నీకెందుకక్కా, నేను ఆ కంపెనీ ఉప్పు తింటున్నాను’ అని రాశావు. బజారుకెళ్తే దారి తప్పే మనిషి పటాలు గీస్తోందని మీ బావ కూడా వేళాకోళం. నువ్వు కంపెనీ ఉప్పు తింటున్నావు సరే, కాలువ పక్క వీధుల వాళ్లు దాని నీళ్లు తాగుతున్నారు.

పోయిన నెల రంగుల ఫ్యాక్టరీ రెండో యూనిట్‌కి అనుమతి ఇవ్వాలా వద్దా అని విచారణ జరిగింది. ఆసుపత్రి రికార్డుల గుమాస్తాని కదా, నన్నూ రమ్మన్నారు. ఫ్యాక్టరీ మేనేజరు గోడ మీద ఊరి పటం వేశాడు. తొమ్మిదేళ్లలో మా దగ్గర చేరిన 212 మంది క్యాన్సర్ రోగులు, మనిషికో చుక్క. ఫ్యాక్టరీ కాలువ పక్కన ఐదు. ఆసుపత్రి వెనక సందులో డెబ్బై ఒకటి.

“జబ్బు ఎక్కడుందో చూశారుగా,” అన్నాడు.

క్యాన్సర్‌తో భర్త పోయిన టైలరమ్మ లేచింది. “అయితే ముందు ఆసుపత్రి మూయించండి సార్. అక్కడే పుడుతోంది మరి.”

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ సందు నిండా అద్దె గదులు. వైద్యానికి వచ్చినవాళ్లు రోజూ అంత దూరం తిరగలేక నెలల తరబడి వాటిలో ఉంటారు. రిజిస్టర్లో ‘ప్రస్తుత చిరునామా’ అని ఒక గడి ఉంది. నేను ఆ గది నంబరే రాసేదాన్ని. సొంత ఇల్లెక్కడని అడగలేదు. ఆ పటం నా రిజిస్టర్ చూసి గీసిందే.

రోగులకిచ్చే రాయితీ బస్సు పాసుల నకళ్లు అటక మీద దొరికాయి. వాటిలో సొంత ఇంటి దగ్గరి స్టాపు ఉంటుంది. నేనూ, మా వార్డు నర్సమ్మా ఐదు ఆదివారాలు ఇల్లిల్లూ తిరిగి సరిచూసి, కొత్త పటం గీశాం. కాలువ పక్కన ఐదు కాదు, అరవై మూడు. పటం ఎవరినీ దోషి అనదు. నీళ్లు ఎక్కడ పరీక్షించాలో చూపిస్తుంది. ఆ పరీక్షే కంపెనీ వద్దంటోంది.

సూపరింటెండెంటు పిలిచి, తప్పు నాదని రాసిస్తే విచారణ నా మీదే పడుతుందనీ, రిటైర్మెంట్‌కి ఇంకా రెండేళ్లే ఉందనీ చెప్పాడు. “చూసీ చూడనట్టు పోమ్మా.”

“తొమ్మిదేళ్లు చేసింది అదే సార్,” అన్నాను.

నీకు చెప్పనిది ఒకటుంది. అమ్మ చివరి ఐదు నెలలూ ఆ సందులో, నా ఇంట్లోనే ఉంది కదా. రిజిస్టర్లో తన పేరు ఎక్కించినప్పుడూ నా ఇంటి నంబరే రాశాను. నలభై ఏళ్లు కాలువ పక్క కాపురం చేసి, ఆ బోరు నీళ్లతో మనల్ని పెంచిన మనిషి. తన ఇల్లెక్కడో నేను ఇంకొకరిని అడగక్కర్లేదు. అయినా గడి అడిగిందే రాసి, పేజీ తిప్పేశాను.

రేపు మళ్లీ విచారణ. నా తప్పు నేనే ముందు చదువుతాను. తరవాత అరవై మూడు చిరునామాలు, మొదటిది అమ్మది. నీ పేరు ఎక్కడా రాయలేదు. కానీ ఆవిడ కొడుకెవరని మేనేజరు అడిగితే అబద్ధం చెప్పను. ఆపమని తంతి కొట్టినా, ఫోన్ చేసినా లాభం లేదు. ఈ ఉత్తరం నీకు చేరేసరికి చదివేసి ఉంటాను.

ఇట్లు,
నీ కోపానికి సిద్ధంగా ఉన్న
అక్క