రాజేశ్వరికి కొన్న గుడ్డలే

భవానీపురంలో ఉంటున్న నేను, చింతక్రింది మల్లీశ్వరిని, కీర్తిశేషులు వెంకటప్పయ్య గారి భార్యను, డెబ్బై ఒకటో ఏట ఈ వీలునామా నా చేత్తోనే రాస్తున్నాను. నా మతి స్థిమితంగానే ఉంది. నిన్ననే ఒక చర్చి పియానోను శుభ్రం చేసి, శ్రుతి చేసి వచ్చాను. కింద రాసింది చదివి ఎవరికైనా అనుమానం వస్తే వెళ్ళి ఆ పియానో వినవచ్చు. నన్నెవరూ బలవంతపెట్టలేదు, బెదిరించలేదు. భయం మాత్రం ఉంది, అది మనుషుల వల్ల కాదు. ఇంతకుముందు నేనేదైనా రాసి ఉంటే అది ఇక చెల్లదు.

1. దీన్ని అమలు జరపవలసింది ఎలీషా గారు. చర్చిలో పాటల బృందాన్ని నడిపిస్తారు, నా పని ఎరిగినవారు. ఇంట్లోకి వచ్చేటప్పుడు చెప్పులతోపాటు ఊరి కబుర్లు కూడా బయటే విడిచి వచ్చే మనిషి.

2. ఈ ఇల్లు, బ్యాంకులో ఉన్నది, నా బంగారం నా ఒక్కగానొక్క కూతురు రాజేశ్వరికి చెందాలి. ఇందులో ఇంకెవరికీ వాటా లేదు, అడిగే హక్కూ లేదు.

3. నా మరిది లక్ష్మీకాంత్‌కు, తీగల పిన్నులు తిప్పే నా రెంచి. ఆటోనగర్‌లో లారీ చక్రాల పానాను అరగదీయించి చేయించుకున్నాను. వాయిద్యాల దుకాణం పెట్టి విదేశీ పనిముట్లు అమ్మే అతను, దీన్ని చూసినప్పుడల్లా పదిమందిలో "మా వదిన లారీ వైద్యం" అని నవ్వేవాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. రెంచిని దుకాణంలో అందరికీ కనబడేలా పెట్టాలి, అమ్మకూడదు. ఇది ఇనుము కనుక దీనివల్ల ఎవరికీ హాని లేదు.

4. నేను చేసుకున్న మిగతా పనిముట్లు, అంటే వెదురు బద్ద, పియానో మెట్ల సందుల్లో దుమ్ము తీసే, మగ్గానికి గంజి పెట్టే పాత కుంచె, దుమ్ము గుడ్డలుగా వాడిన పాత బట్టల చింపులు, అన్నీ నాతోపాటు చితిలో వేయాలి. ఆరో అంశంలో చెప్పే చింపు తప్ప ఒక్కటి కూడా మిగలకూడదు.

దీనికి కారణం రాయక తప్పదు. ఇంట్లో ఉన్న చిన్న గ్రాండ్ పియానోను మా ఆయన మూతబడిన ఒక క్లబ్బు వేలంలో కొన్నారు. తీగల అడుగున ఉండే చెక్క పలకను మోసే దూలాన్ని చెదలు తినేశాయి. అప్పటికి మంగళగిరిలో మా అమ్మ భద్రమ్మ పోయి నెల కూడా కాలేదు. ఆమె మగ్గం మీద చీర సగంలో ఉంది. మా పుట్టింట్లో అలా ఆగిపోయిన బట్టను ఇంకొకరు కూర్చుని పూర్తి చేశాకే మగ్గం విప్పుతారు. మా ఆయన నాతో ఒక మాటైనా అనకుండా మగ్గం మీది పడుగు దారాలు కోసేసి, నేసిన బట్ట చుట్టే కర్రను తెచ్చి ఆ దూలం స్థానంలో బిగించారు. అంత మంచి టేకు కొందామన్నా దొరకదన్నారు.

తీగల కిందికి చెయ్యి పోదు. బద్ద కొసకు గుడ్డ కట్టి, సందులోంచి దింపి, పలక మీద దుమ్ము లాగాలి. ఆ పియానోలో మొదట ఆయన పాత పంచె చింపు కట్టాను. బయటికి తీస్తే దాని కొసన వేలెడు కొత్త నేత ఉంది. చేత్తో తడిమి చూశాను, నేతే. మళ్ళీ అదే గుడ్డ కడితే ఇంకొంచెం పెరిగింది. వేరే పియానోల్లో అదే బద్దకు దుమ్ము తప్ప ఏమీ రాలేదు. కొన్నేళ్ళకు అది కండువా అయింది. కొసపోగులు ముడివేసి, పూర్తయి బయటికి వచ్చిన మధ్యాహ్నం కరెంటు పోయి ఫ్యాను ఆగింది. ఉక్కపోస్తోంది లేవమని ఆయన్ని పిలిస్తే లేవలేదు. ఆ ముళ్ళు మా అమ్మ వేసేవే. చిన్నప్పుడు ఆమె పక్కన కూర్చుని నేర్చుకున్నదాన్ని, పోల్చుకోలేనా?

ఆ తర్వాత నా చీర చింపులు కట్టాను, తెలిసే కట్టాను. భయం వేసింది గానీ, అమ్మ నేత మళ్ళీ చూస్తున్నానన్న సంతోషం అంతకంటే ఎక్కువగా ఉండేది. నా బట్ట బీరువా పై అరలో ఉంది. తెల్లది, సన్నంచు. కప్పుకుంటే మడమల నుంచి గడ్డం దాకా వస్తోంది. మిగిలిన కాస్తా నేనే పూర్తి చేయించుకుంటాను. దాన్నే నామీద కప్పండి.

5. లక్ష్మీకాంత్ దుకాణంలో నేను కొన్న పియానో శుభ్రం చేసే పెట్టె రాజేశ్వరికి. ఉక్కు బద్ద, నైలాను కుంచెలు, కవరు విప్పని గుడ్డలు అందులో ఉన్నాయి. అది కొంటున్నప్పుడు అతని మొహం వెలిగిపోవడం చూస్తూనే డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను.

రాజేశ్వరీ, నీకు కోపం వస్తుందని తెలుసు. "అమ్మా, ఇల్లు ఎవరికైనా రాసుకో, ఆ బద్ద మాత్రం నాకియ్యి. కొన్నవి ఎవరైనా కొంటారు, అది నీ చెయ్యి" అన్నావు. ఆ మాటకు ఆ రోజంతా నాకు కడుపు నిండిపోయింది. కానీ నేను కంటి ఆపరేషన్‌కు వెళ్ళినప్పుడు, నాకు సాయమనుకుని, నీ మామిడిపండు రంగు చున్నీ చింపి ఆ బద్దకు కట్టావు. ఆ చింపు నేను దాచాను. దాని కొసన పసుపు నేత మొదలైంది. ఇంకా జానెడు కూడా లేదు.

కొన్న గుడ్డ ఎవరి ఒంటిమీదా ఉండలేదు. అలాంటి గుడ్డ ఒకటి బద్దకు కట్టి చూశాను, దుమ్ముతోనే వచ్చింది. అదే వాడు. నేను బతికుండగా చెబితే నిజమో కాదో చూద్దామని మళ్ళీ చున్నీ కడతావు, అమ్మమ్మ నేత అని మురిసిపోతావు, నాలాగే. అందుకే చెప్పలేదు. బతికున్నప్పుడు నా మాట కొట్టిపారేయడం నీకు అలవాటు, పోయాక కొట్టిపారేయవు.

6. పియానోను అమ్మకూడదు, దూలం విప్పకూడదు. ఒకసారి కోసినందుకే ఇంత జరిగింది. పసుపు చింపును ఎలీషా గారు పెట్టెలో పెట్టి తన దగ్గరే ఉంచుకోవాలి. దాన్ని కోయకూడదు, కాల్చకూడదు, ఆ పియానో దగ్గరికి తేకూడదు. అది అలా సగంలోనే ఉండాలి.

7. ఇది మా అమ్మ భద్రమ్మకు. నేను కట్టి విడిచిన చీరలన్నీ, పెళ్ళి చీరతో సహా, నీకు రాసిస్తున్నాను. ఎలీషా గారు తన చేత్తో వాటిని పియానో కింద ఆ కర్రకు ఆనించి పెడతారు, రాజేశ్వరి చెయ్యి తగలనివ్వరు. అమ్మా, నూలు కావాలంటే వాటిలోంచి తీసుకో. నీకు ఎంతకాలం నేయాలనిపిస్తే అంతకాలం నాకే నెయ్యి. నేనెలాగూ వచ్చేశాను. నీ మనవరాలి పోగు ముట్టుకోకు.

2025 జూన్ 19, గురువారం, విజయవాడ.

(సంతకం) చింతక్రింది మల్లీశ్వరి

ఆమె మా ఎదుట చదివి సంతకం చేయగా చూసి, ఆమె ఎదుటే మేమూ సంతకాలు చేశాం:
1. దానమ్మ, భవానీపురం
2. కిరణ్‌కుమార్, మంగళగిరి