నీ వణుకుకు పట్టిన హారతి

తమ్ముడు రమణకు,

మన వీధిలో మగ్గం నేసే ఓబులేసును ఈ రోజు ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకువచ్చాను. తాగుడు మానాలని దీక్ష పట్టి మాల వేసుకున్న మూడో రోజే అతని చేతులు వణకసాగాయి. లేని చీమలను ఒంటి మీద నుంచి దులుపుకున్నాడు. చుట్టూ చేరినవాళ్లు దాన్ని పూనకమనుకుని, "సామి వచ్చినాడు, టెంకాయ కొట్టండప్పా" అన్నారు. నేను ఆ టెంకాయ లాక్కుని ఆటో పిలిచాను.

నీకు అలాగే అయిన రోజు హారతి పట్టింది నేనే. "అన్నా, ఇది సామి కాదు. నన్ను ఆస్పత్రికి తీసకపో" అని నీవు నా చెయ్యి పట్టుకున్నావు. "అపచారం, కండ్లు మూసుకోని దండం పెట్టుకో" అన్నాను. తెల్లవారేసరికి నీవు లేవు.

విత్‌డ్రాయల్ అనే మాట అంతవరకు నాకు రెండు చోట్లే తెలుసు. ఇరుగుపొరుగుకు బ్యాంకులో డబ్బు తీసే చీటీలు రాసిపెట్టేవాణ్ణి. పంచాయతీ ఎన్నికల్లో నామినేషన్ వెనక్కి తీసుకునే కాగితాలూ రాశాను. ఏళ్ల తరబడి తాగినవాడు ఒక్కసారిగా మానితే ఒళ్లు అలా ఎదురుతిరుగుతుందని, దానికీ అదే పేరని, నీ పెద్దకర్మ అయ్యాక ఒక డాక్టరు చెబితే తెలిసింది.

ఇందాక ఓబులేసు గంజి తాగుతూ అడిగాడు: "అందరూ సామి అంటాంటే నీకెట్ల తెలిసిందన్నా?"

"పుస్తకంలో చదివినా" అన్నాను.

అతని భార్య నా కాళ్లకు మొక్కింది. "ఇట్లా చదువుకున్నోడు వీధికొకడుండాల" అని వచ్చినవాళ్లందరికీ చెబుతోంది. నీ పేరు చెప్పడానికి నాకు నోరు రాలేదు, రమణా.