రెండు గుంపులూ కలిసి కాల్చిన మా ఇల్లు

బెల్‌ఫాస్ట్, నవంబరు 1969.

గౌరవనీయులైన గృహ కేటాయింపు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: టింటర్ వీధిలోని మా ఇల్లు దగ్ధమైనందున, భార్యాభర్తలము ఒకే కప్పు కింద ఉండుటకు వేరొక ఇల్లు కోరుట గురించి.

తాళ్ల కర్మాగారంలో పనిచేయు వెస్లీ మెకన్ అను నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను ప్రొటెస్టంటును. నా భార్య ఫిలోమినా కాథలిక్కు. మా పెళ్లికి మా అమ్మా రాలేదు, మా అత్తగారూ రాలేదు. ఆ ఒక్క విషయంలో ఇద్దరిదీ ఒకే మాట. వీధికి పై కొసన మావాళ్లు, కింది కొసన ఆవిడవాళ్లు. మా ఇల్లు నడుమ.

2. గత ఆగస్టులో అల్లర్లు రేగిన సాయంత్రం పై కొస నుంచి ఒక గుంపు వచ్చినది. ముందు నిలబడ్డవాడు నాతో పనిచేసే హెర్బీ. "నీ మీద మాకేం కోపం లేదురా వెస్లీ. ఆ రోము పోపుగారి మనిషిని పంపించెయ్, ఇంటి జోలికి రాం" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా కింది కొస నుంచి రెండో గుంపు దిగింది. దాని ముందు మా ఆవిడ మేనమామ కొడుకు మలాకీ. "ఫిలో, నువ్వు బయటికొచ్చెయ్. నీ మొగుణ్ణి లోపలే ఉండనీ" అన్నాడు.

ఆరో నెల కడుపుతో ఆవిడ గడపలో నిలబడి, "ఆ పెట్రోలు సీసా ముందు ఎవరు విసురుతారో మీలో మీరు తేల్చుకోండి. ఈలోగా మేం దుప్పట్లు తెచ్చుకుంటాం" అంది.

వాళ్లు తేల్చుకోలేదు. ఇద్దరూ విసిరారు. తరతరాలుగా దేనికీ కుదరని ఉభయపక్షములకు మా ఇంటి విషయమున ఏకాభిప్రాయము కుదిరినదని మనవి.

3. తదుపరి సైన్యము వారు వీధికి అడ్డముగా ఇనప రేకుల గోడ పాతి, దానికి శాంతి రేఖ అని పేరు పెట్టినారు. ఫిలోమినా అవతల పుట్టింట, నేను ఇవతల మా అమ్మ దగ్గర. ఒకనాడు రేకు అవతల నుంచి "బిడ్డ తంతోంది!" అని అరిచింది. "ఏ వైపు?" అని అడిగాను. జవాబుగా రెండు వైపుల నుంచీ రాళ్లు పడ్డాయి.

4. తమ కార్యాలయములో గుమాస్తా గారు, "పుట్టబోయే బిడ్డది ఏ మతం? చెబితే ఏ పక్క ఇల్లివ్వాలో చూస్తాం" అన్నారు.

"ఇంకా పుట్టలేదండీ."

"అయితే పుట్టాక రండి."

అయ్యా, పుట్టగానే అది చలికి ఏడుస్తుంది గాని మతం చెప్పదు.

5. దేవుణ్ణి గురించి నేనేమీ అడగడం లేదు. ఆయన సంగతి రెండు గుంపులూ చూసుకుంటున్నాయి. నాకు కావలసినది పొయ్యి ఉన్న ఒక గది, పగలని ఒక కిటికీ.

కావున తమరు దయతో చిత్తగించి, ఒక తాళంచెవి ఇప్పించవలెను.

తమ విధేయుడూ, ప్రస్తుతానికి చిరునామా లేనివాడూ,
వెస్లీ మెకన్

తా.క.: సంతకం చేస్తుండగానే కబురొచ్చింది, ఆడపిల్ల. ఆస్పత్రికి పరుగెత్తాను. ఊరంతా చుట్టి మా అమ్మ నాకన్నా ముందే చేరి ఉంది. మంచానికి ఒక పక్క అమ్మ, రెండో పక్క మా అత్తగారు.

"బాప్తిస్మం మా చర్చిలోనే, వదినగారూ" అంది మా అమ్మ.

"జ్ఞానస్నానం మా గుళ్లోనే. మీరు కాస్త ఊరుకోండి, వదినా."

"ఊరుకోవడం మా ఇంటా వంటా లేదు!"

నర్సు ఇద్దర్నీ వరండాలోకి తోలింది. అక్కడా ఆపలేదు. రాళ్లు లేని పోట్లాట చూసి ఎన్నాళ్లయిందయ్యా! అది సాగించుకోడానికైనా వాళ్లకో ఇల్లు ఇప్పించండి.