ఫ్రిజ్ పక్కన స్టూలు

చిరంజీవి సత్యదేవ్‌కి అక్క దీవెనలు.

ఫోన్ చేస్తే మీ బావగారు స్పీకర్ ఆన్ చెయ్యమంటారు. అందుకే ఈ ఉత్తరం పక్కింటి దుర్గాభవానిగారికి గోడ మీంచి ఇచ్చి పోస్టు చేయిస్తున్నాను.

నువ్వు బిగించిన సబ్‌వూఫర్, అదే ఆ బేసు మోత పెట్టె, బాగానే మోగుతోంది. ఆ రోజు దాన్ని ఆయన కుర్చీలో పెట్టి, నువ్వు గదంతా పాకి ఎక్కడ బాగా వినిపిస్తుందో విని, పెట్టె పెరటి తలుపు దగ్గరుంటేనే దాని మోత ముందున్న స్పీకర్లతో కలుస్తుందని తేల్చావు కదా. తలుపు తీస్తే బేసు పోతుందని ఆయన గడియ వేసి, ఫోమ్ షీటు కొట్టించారు. నేను గుడికి బయల్దేరితే, "అభిషేకం మంత్రాలు గుళ్ళో ఉన్నట్టే వినిపిస్తున్నాయి కదా, ఐనవిల్లి దాకా ఎందుకే?" అంటారు. పొద్దున్న పెడితే పడుకునే దాకా నేలతో పాటు నా గుండె అదురుతూనే ఉంటుంది. తగ్గించమంటే నాకు వినడం రాదట.

ఒకరోజు ఇల్లు తుడుస్తుంటే ఫ్రిజ్ పక్కన ఆ అదురు ఆగిపోయింది. ఒక్క అడుగు ఇటు జరిగితే మళ్ళీ మొదలు. అక్కడ స్టూలు వేసుకున్నాను. కూరలు తరిగేది అక్కడే.

నిన్న ఆయన వచ్చి అక్కడే నిలబడ్డారు. "ఇక్కడ బేసు అస్సలు వినబడట్లేదేంటి? మీ తమ్ముణ్ణి రమ్మన్నాను, సరిచేస్తాడు" అన్నారు.

రా నాన్నా, పనసపొట్టు కూర చేస్తాను. మైకు పెట్టి మోత కొలువు, ఆయన చెప్పినట్టే మీటలన్నీ తిప్పు. స్టూలు దగ్గర మాత్రం ఎంత చేసినా కుదరడం లేదని చెప్పు.

నువ్వు చెబితే నమ్ముతారు.

మీ అక్క