మెర్ల్ దగ్గరున్న బోల్టు

ఫిబ్రవరి 24, ఆదివారం

చర్చి నుంచి రాగానే మౌజర్ బయటికి తీసి నూనె పట్టించాను. ఇంత అందమైన రైఫిల్ ఒహాయో మొత్తంలో ఇంకొకటి లేదు. ఉందనేవాళ్ళు పట్టుకురావచ్చు, చూస్తాను. 1898లో స్వీడన్ సైన్యం కోసం చేసింది. గొట్టం నుంచి కర్ర చివర రేకు దాకా ప్రతి భాగం మీదా ఒకే అంకెలు, 417. నలభై ఏళ్ళ కిందట హార్డ్‌వేర్ షాపులో చీపుర్ల పక్కన పీపాలో నిలబెట్టిన సైన్యం పాత సరుకులోంచి నేనే ఏరాను. అప్పటి నా మొగుడు మెర్ల్ పక్కన నిలబడి, ఈ జిడ్డు కర్ర ఏం చేసుకుంటావే అన్నాడు. గ్రీజు కింద ఏముందో నాకు కనబడింది. అతనికి కనబడలేదు. ఆ తేడా చివరిదాకా అలాగే ఉంది.

ఒక్కటే లోటు. బోల్టు లేదు. తూటా వెనక మూసుకునే ఆ ఉక్కు ముక్క లేకపోతే రైఫిల్ ఒట్టి కర్రే. వేరే బోల్టు పెట్టొచ్చు, పేలుతుంది కూడా. కానీ దాని మీద 417 ఉండదు. అప్పుడది అతుకుల బొంత.

మేం సంసారం చేసిన రోజుల్లో రైఫిళ్ళు బీరువాలో, బోల్టులన్నీ గరాజ్‌లో పనిముట్ల డబ్బాలో ఉండేవి. పిల్లలున్న ఇళ్ళలో అందరూ అలాగే దాస్తారు. విడాకులప్పుడు జడ్జి రైఫిళ్ళు నాకన్నాడు, గరాజ్‌లోని పనిముట్లు డబ్బాలతో సహా మెర్ల్‌కన్నాడు. ఆ మహానుభావుడు జన్మలో తుపాకీ ముట్టుకుని ఉండడు. నేను లాయర్‌ని పంపితే మెర్ల్ అన్ని బోల్టులూ తిరిగిచ్చాడు, ఈ ఒక్కటి తప్ప.

దాన్ని ప్రతి గన్ షోలోనూ, అదే తుపాకుల సంతలో, తన టేబుల్ మీద అద్దాల పెట్టెలో వెల్వెట్ మీద పడుకోబెట్టి కూర్చుంటాడు. పక్కన ‘అమ్మబడదు’ అని చీటీ. నన్ను ముట్టుకోనివ్వడు.

ఈసారి షోలో తెచ్చుకుంటాను. నిర్ణయం అయిపోయింది.

ఫిబ్రవరి 27, బుధవారం

పోస్టులో ఇంకో స్వీడిష్ బోల్టు వచ్చింది. రంగు, అరుగుదల అచ్చం అలాగే ఉన్నాయి. అంకెలు వేరు, కానీ బోర్లా పెడితే ఎవరికి కనబడతాయి?

మార్చి 2, శనివారం

వంటింట్లో ప్రాక్టీసు. కాసరోల్ గిన్నె మూత మెర్ల్ అద్దం అనుకున్నాను. ఎత్తడం, తియ్యడం, పెట్టడం, దించడం. చప్పుడు లేకుండా వస్తోంది. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు తిప్పిన చేతులు, వణకవు.

ఓపల్ ఫోన్ చేసింది. షోలో నా టేబుల్‌కీ మెర్ల్ టేబుల్‌కీ మధ్య ఎండు మాంసం అమ్ముతుంది, నోరు మాత్రం ఎండదు. ఆ ముక్క కోసం ఆయన చుట్టూ తిరిగే బదులు మళ్ళీ పెళ్ళి చేసుకోరాదూ, బోల్టు కట్నం కింద వస్తుంది అంది. ఫోన్ పెట్టేశాను.

రాత్రి కల. ఎక్కడో గోదాం, కప్పు దాకా చెక్క పెట్టెలు, ఏది తెరిచినా గ్రీజు కాగితంలో కొత్త రైఫిళ్ళు. ఇలాంటి కలలు వారానికి ఒకటైనా వస్తాయి. ఈసారి అన్నిటికీ బోల్టులున్నాయి. శకునం బాగుంది.

మార్చి 9, శనివారం

షో మొదటి రోజు. ఫెయిర్‌గ్రౌండ్ షెడ్డులో హీటర్ పనిచెయ్యలేదు. పొద్దున్నుంచి నా టేబుల్ ఖాళీ లేదు. ఎవరికి ఏ అనుమానం వచ్చినా వెర్నాకి చూపించండి అంటారు. ఒకతను పాత రైఫిల్ తెచ్చి, అన్ని భాగాలూ పుట్టినప్పటివే అని మురిసిపోతున్నాడు. రెండు ముద్రలు గరాజ్‌లో కొట్టినవని చెప్పాను. ముఖం మాడిపోయింది. ఏం చేస్తాం, అంకెలు చెరిపి కొత్త అంకెలు కొట్టేవాణ్ణి నేను దొంగ కింద లెక్కేస్తాను. మాలో అంతకంటే నీచం లేదు.

మెర్ల్ రోజంతా కుర్చీలోంచి లేవలేదు. గెడ్డం పెంచాడు, బాలేదు. ఏంటే వెర్నా, ఇవాళ ఎంతిస్తావు అని అరిచాడు. నీ అంత్యక్రియలకి పూలు ఇస్తాను, బోల్టు ఇటివ్వు అన్నాను. అయితే తెల్లపూలు తే, పసుపువి నాకు పడవు అన్నాడు. చుట్టుపక్కల వాళ్ళంతా నవ్వారు. ప్రతి షోలో మా ఇద్దరి తగవు వాళ్ళకి ఉచిత వినోదం.

మార్చి 10, ఆదివారం

అయిపోయింది. నా దగ్గరుంది.

మధ్యాహ్నం ఓపల్ హాట్‌డాగ్ కోసం వెళ్ళింది. మెర్ల్ లేచి, కాస్త నా టేబుల్ చూస్తుండు, బాత్రూంకి వెళ్ళొస్తా అన్నాడు. నన్నే అడిగాడు. షోలో పక్క టేబుల్ వాళ్ళని అలా అడిగితే ఇక ఇల్లు అప్పజెప్పినట్టే. ఎవరూ ఆ మాట తప్పరు. నేను తప్పాను. అద్దం ఎత్తాను, అతనిది తీశాను, పోస్టులో వచ్చినది బోర్లా పెట్టాను, దించాను.

దారిలో బండి ఆపి అంకెలు చూశాను. 417. స్టీరింగ్ మీద తలపెట్టి ఏడ్చాను. సిగ్గేం లేదు, రాస్తున్నాను.

ఇంటికొచ్చి రైఫిల్‌లో పెట్టాను. నెట్టాను. లోపలికి వెళ్ళింది గాని, ఆఖర్న కొంచెం పట్టేసింది. ఇన్నేళ్ళు బయటుంది కదా, అనుకున్నాను.

మార్చి 11, సోమవారం

పట్టెయ్యకూడదు. ఆ రైఫిల్ బోల్టు వెన్నలా జారేది. నాకు తెలుసు.

భూతద్దం కింద పెట్టాను. పాత అంకెలు అరగదీసి ఉన్నాయి. వాటి మీద కొట్టిన 7కి కింద కాలు లేదు.

ఆ 7 నాకు తెలుసు. మా ఇంటి 7 అది. అంకెలు కొట్టే అచ్చుల సెట్టు మెర్ల్‌కి పెళ్ళిరోజుకి నేనే కొనిచ్చాను. మొదటి వారమే 7 అచ్చు నా చేతిలోంచి సిమెంటు మీద పడి కాలు విరిగింది. అప్పట్నుంచీ మా ఇంట్లో ఏడు ఉన్నదల్లా కుంటిదే. గరాజ్‌కి వెళ్ళి, అప్పట్లో నా బస్సులో ఉండబట్టి మెర్ల్‌కి పోని స్పానర్ల మీద అతను కొట్టిన 7 చూశాను. అదే.

మెర్ల్ దొంగ ముద్ర కొట్టాడు. మెర్ల్!

అయితే అసలుది ఏదీ?

మార్చి 13, బుధవారం

వెళ్ళాను. నేను పంచ మెట్లు ఎక్కకముందే మెర్ల్ తలుపు తీశాడు. బోల్టు మారిందని ఆదివారం సాయంత్రమే చూశా, ఇంత ఆలస్యమేంటి, మూడు రోజుల నుంచీ కాఫీ ఇద్దరికి పెట్టి పారబోస్తున్నా అన్నాడు. బోల్టు అతని టేబుల్ మీదికి విసిరాను. నోటికొచ్చిన తిట్టల్లా తిట్టాను. ముసలి పీనుగా, దొంగా, నా మౌజర్ ముక్క ఎవడికి అమ్ముకున్నావురా అన్నాను.

అమ్మలేదట. విడాకుల కాగితం చేతికొచ్చిన చలికాలం, తాగి, మా ఊరి వై బ్రిడ్జి మీద నిలబడి నదిలోకి విసిరేశాడట. చెయ్యి కిందికి దిగకముందే బుద్ధొచ్చింది వెర్నా అన్నాడు. మంచు కరిగాక తాడుకి అయస్కాంతం కట్టి రెండు ఎండాకాలాలు వెతికాడట. సైకిల్ దొరికింది, ఎవరిదో సేఫ్ తలుపు దొరికింది, అది మాత్రం దొరకలేదే అన్నాడు.

సరే, పోయింది. పోయిందని చెప్పి చావచ్చుగా. ఈ దొంగ ముద్ర ఎందుకు కొట్టావు, నాలుగేళ్ళు అద్దాల పెట్టెలో పెట్టి నన్నెందుకు ఆడించావు అని అడిగాను.

గెడ్డం గీక్కున్నాడు. అది లేదని తెలిస్తే నువ్వు నా టేబుల్ దగ్గరికి ఎందుకొస్తావు అన్నాడు.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. గిన్నెలో చిల్లీ, అదే మాంసం బీన్సు కూర, వడ్డించాడు. తిన్నాను. ఉప్పు ఎక్కువైంది, అది మాత్రం చెప్పాను.

మార్చి 14, గురువారం

417 నది అడుగున ఉంది. నా రైఫిల్ ఇక ఎప్పటికీ పూర్తి కాదు. పొద్దున్నుంచీ అంట్లు కూడా తోమలేదు.

ఏప్రిల్ 6, శనివారం

ఓపల్ ఫోన్ చేసి, బోల్టు కథ ఎంతదాకా వచ్చింది అంది. ఇంకా ఇవ్వనంటున్నాడు అన్నాను. ఎందుకలా అన్నానో నాకే తెలియదు. మెర్ల్ పరువు కాపాడాల్సిన పని నాకేం లేదు.

ఏప్రిల్ 28, ఆదివారం

మౌజర్‌కి నూనె పట్టించాను. ఇప్పటికీ ఒహాయోలో ఇంత అందమైనది లేదు.

మే 4, శనివారం

షో. మెర్ల్ అద్దాల పెట్టె యథాప్రకారం, లోపల మళ్ళీ ఆ కుంటి 7 బోల్టే. పెన్సిల్వేనియా నుంచి వచ్చిన ఒకాయన దాని మీద వంగి, ఈ 7 తేడాగా ఉందే, ఫ్యాక్టరీ ముద్రేనా ఇది అని గట్టిగా అన్నాడు. జనం చేరారు. మెర్ల్ గెడ్డంలోంచి ముఖం తెల్లబడటం కనిపించింది. ఎవరో నన్ను పిలిచారు.

మెర్ల్ పెట్టె తెరిచాడు. మొదటిసారి నా చేతికి తనే ఇచ్చాడు. భూతద్దం పెట్టి, అందరూ ఊపిరి బిగబట్టేదాకా చూశాను.

అసలుదే అన్నాను.